ఎవరి కంటా పడని మంచి పనులు: మీకు ఫోనులో తగిలినవి చెప్పండి

నూలుకండె | ఆదివారం, ఉదయం 9.10

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోను తిరగేస్తుంటే ఒక వీడియో తగిలింది. ఎర్ర నేల. ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి నేల బారున తాడు పట్టుకున్నారు. ఆ తాడుకు తగిలించిన పందికొక్కంత ఎలుక ముక్కు నేలకు రాసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది. మధ్యలో ఒకచోట ఆగి ముందుకాళ్ళతో గబగబా గీకింది. అక్కడ మందుపాతర ఉందని దాని అర్థమట!

ఆ సంస్థ పేరు అపోపో. బెల్జియం వాళ్ళు 1997లో మొదలుపెట్టారు. ఎలుకలకు శిక్షణ టాంజానియాలో ఇస్తారు. వాటిలో మగావా అనే ఎలుక కంబోడియాలో పనిచేసి 71 మందుపాతరలు, 38 పేలని గుండ్లు పట్టించింది. 2020లో పీడీఎస్ఏ అనే బ్రిటన్ జంతుసేవా సంస్థ దానికి బంగారు పతకం ఇచ్చింది. అంతకుముందు ఆ పతకం కుక్కలకే దక్కేది. 2022 జనవరిలో మగావా చనిపోయింది. ఎలుక పోయిందని చదివి కళ్ళు తుడుచుకోవడం నా జన్మలో ఇదే మొదలు.

భూకంపాలకు, వరదలకు, పెద్ద జబ్బులకు అడిగేవాళ్ళున్నారు, ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. వాటిని తక్కువ చేయడం లేదు. ఇలా ఏ మూలనో సాగిపోతున్న పనులు మీకు తెలిసినవి ఉంటే రాయండి. ఒక్కటే షరతు. "చాలా మంచి సంస్థ" అని రాసి వదిలేయకండి. వాళ్ళు చేసే పని ఏమిటో, మనల్ని అడిగేది ఏమిటో కూడా చెప్పండి.

ఎర్రచీమ | 9.42

ఎలుకను దత్తత తీసుకోమని నెలనెలా డబ్బు అడిగే పేజీయే కదా? నేనూ చూశాను. ముద్దొచ్చే బొమ్మ పెడితే జేబులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఒకవేళ పేలినా పోయేది ఎలుకే కాబట్టి ఎవరికీ బాధ లేదు.

నూలుకండె | 10.05

పేలదండీ. మగావా బరువు 1.2 కిలోలు. మందుపాతర పేలడానికి ఆ బరువు చాలదు. అసలు కిటుకు వేరే ఉంది. లోహాన్ని పసిగట్టే యంత్రం పాత మేకుకూ మోగుతుంది, డబ్బా మూతకూ మోగుతుంది. మోగిన ప్రతిచోటా మనిషి మోకాళ్ళ మీద కూర్చుని తవ్వి చూడాల్సిందే. ఎలుకకు ఇనుముతో పని లేదు, పేలుడు మందు వాసన ఒక్కటే దానికి గురుతు. యంత్రంతో నాలుగు రోజుల దాకా పట్టే టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చూసేస్తుంది.

దత్తత సంగతి నిజమే. ఆ డబ్బు ఒక్క ఎలుకకే పోదు, మొత్తం పనికి పోతుంది. అది తప్పంటారా?

ఎర్రచీమ | 10.11

పని తప్పు కాదు. దానికి దత్తత అని పేరు పెట్టడం తప్పు.

వెన్నెలపిట్ట | 11.30

మా అక్క కొడుకు పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి, అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు. సుమారు వెయ్యి మందిలో ఒకరు ఇలా పుడతారట. మాకు అప్పటిదాకా తెలియదు.

దీనికి పెద్ద ఆపరేషను అక్కర్లేని పద్ధతి ఉంది. ఇగ్నాసియో పోన్సెటి అనే డాక్టరు కనిపెట్టారు. ఆయన పుట్టింది స్పెయిన్‌లో, పనిచేసింది అమెరికాలో. పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి పిండికట్టు వేస్తారు. వారం తర్వాత విప్పి, ఇంకాస్త తిప్పి మళ్ళీ వేస్తారు. ఐదారు కట్లయ్యాక చాలామంది పిల్లలకు మడమ వెనక చిన్న కోత ఒకటి పడుతుంది. ఆ పైన రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించి తొడుగుతారు. మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు.

అసలు కష్టం ఇక్కడే. పాదం తిన్నగా అయింది కదా అని బూట్లు మానేస్తే మళ్ళీ వంకర తిరుగుతుంది. రాత్రి వాడు పక్క మార్చినప్పుడల్లా ఆ కడ్డీ మంచం పట్టెకు టంగుమని తగిలేది. మా అక్క ఆ చప్పుడుకు నిద్రపోవడం అలవాటు చేసుకుంది. చప్పుడు వినపడకపోతే లేచి చూసేది.

మిరకిల్‌ఫీట్ అనే సంస్థ 2010 నుంచి పేద దేశాల్లో ఈ వైద్యానికే సాయం చేస్తోంది. వాళ్ళ పేజీలో కట్టు విప్పిన రోజు ఫొటోకు లైకులు వెల్లువెత్తుతాయి. డబ్బు అవసరమయ్యేది ఆ తర్వాతి నాలుగేళ్ళకు. బూట్లు చిన్నవవుతుంటాయి, పిల్లలు పెరుగుతుంటారు, ఫొటో మాత్రం కొత్తగా ఏమీ ఉండదు.

గాలిమర | మధ్యాహ్నం 12.15

వెన్నెలపిట్ట గారు చెప్పినట్టే, పని చివరికి వచ్చేసరికి చూసేవాళ్ళు ఉండరు. నారికురుపు విన్నారా? కాలి మీద పొక్కు లేచి అందులోంచి బారెడు పురుగు బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్తంత లాగాలి. 1986లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పెట్టిన కార్టర్ సెంటర్ దీని మీద పని మొదలుపెట్టేనాటికి ఏడాదికి సుమారు 35 లక్షల మందికి వచ్చేది. 2022లో ప్రపంచం మొత్తం మీద 13 మందికి వచ్చింది. టీకా లేదు, మందూ లేదు. నీళ్ళు గుడ్డలో వడపోసుకోవడం, పురుగు ఉన్న కాలు చెరువులో పెట్టకుండా చూడటం, అంతే. పదమూడు మంది కోసం ఎందుకింత ఖర్చు అని కామెంట్లలో అడుగుతారు. అక్కడ ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది కాబట్టి.

రాత్రిబడి | 12.50

నేను డబ్బు ఇవ్వలేను. అందుకే నాకు తెలిసినవి సమయం అడిగేవి.

ఒకటి, బీ మై ఐస్. చూపు సరిగా లేని డెన్మార్క్ వాసి హాన్స్ యోర్గన్ విబెర్గ్ ఆలోచన. 2015 జనవరిలో మొదలైంది. చూపు లేనివారు వీడియో కాల్ చేస్తారు, ఎవరో ఒక వలంటీరుకు మోగుతుంది, వాళ్ళ ఫోను కెమెరాలోంచి మనం చూసి చెప్పాలి. చేరిన రోజు నుంచి ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క కాలూ రాలేదు! అడిగేవాళ్ళ కంటే చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువట. నాలుగో నెలలో వచ్చింది. ఒక పెద్దాయన, ఎదురుగా మంచం మీద రెండు చొక్కాలు. ఏది నలుపు, ఏది ముదురు నీలం? నాకూ తెలియలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. కుడిచేతిలోది నలుపు. "అంత్యక్రియలకు వెళ్ళాలి" అని చెప్పి పెట్టేశారు. మొత్తం నిమిషంన్నర.

రెండోది మిస్సింగ్ మ్యాప్స్. పటంలో లేని ఊళ్ళను పటంలోకి ఎక్కించడం. 2010 హైతీ భూకంపం అప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ పటంలో దారులూ ఇళ్ళూ గీశారు. సహాయానికి వెళ్ళినవాళ్ళు ఆ పటంతోనే తిరిగారు. విపత్తు వచ్చాక గీయడం కంటే ముందే గీసి పెడదామని 2014లో రెడ్‌క్రాస్, సరిహద్దులు లేని వైద్యులు వంటి సంస్థలు దీన్ని మొదలుపెట్టాయి. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటి కప్పు చుట్టూ నాలుగు చుక్కలు పెట్టడమే పని. నేను మొదటి రాత్రి నలభై ఇళ్ళు గీశాను. మర్నాడు ఎవరో అనుభవజ్ఞులు సరిచూసి, వాటిలో ఆరు చెట్ల నీడలని తీసేశారు.

ఎర్రచీమ | మధ్యాహ్నం 1.20

నాలుగు నెలలకు నిమిషంన్నర సేవ. బాగుంది.

రాత్రిబడి | 1.24

ఆయనకు ఆ నిమిషంన్నర చాలు కదండీ.

పాతకాగితం | సాయంత్రం 4.00

నేను చెప్పే పనికి డబ్బూ అక్కర్లేదు, సమయమూ అక్కర్లేదు. షేర్ చేయకుండా ఉండగలిగితే చాలు.

2009లో ఒక వీడియో వచ్చింది. పెద్ద కళ్ళ బుజ్జి జంతువు మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఎవరో చంకల్లో గిలిగింతలు పెడుతుంటే రెండు చేతులూ పైకెత్తి ఉంచింది. లక్షల మంది చూసి "నాకూ ఇలాంటిది కావాలి" అన్నారు. అది స్లో లోరిస్, దేవాంగపిల్లికి దగ్గరి చుట్టం. అది చేతులెత్తడం ముచ్చటపడి కాదు, భయపడి. దాని మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంది. అందులోంచి వచ్చే ద్రవం ఉమ్మితో కలిస్తే విషం. కోతులూ మనుషులూ ఉన్న ఆ ప్రైమేట్ల వర్గం మొత్తంలో విషం ఉన్నది దీని జాతికే. చేతులెత్తడమంటే ఆయుధం తీయడమన్నమాట. పైగా రాత్రి తిరిగే జీవి. వెలుగు పడితే దాని కళ్ళకు నరకం.

అందుకే అమ్మేవాళ్ళు కరవకుండా దాని పళ్ళు కత్తిరిస్తారు. దేనితో అంటే, గోళ్ళు తీసుకునే కత్తెరతో. మత్తు ఇవ్వరు. తర్వాత ఎవరైనా విడిపించి తెచ్చినా పళ్ళు లేనిదాన్ని అడవిలో వదలలేరు. దేశాల మధ్య దీని వ్యాపారాన్ని 2007లోనే నిషేధించారు. అయినా వీడియోలు ఆగలేదు. ఇంటర్నేషనల్ యానిమల్ రెస్క్యూ అనే సంస్థ 2015లో "గిలిగింతలంటే చిత్రహింసే" అని ప్రచారం చేపట్టింది. వాళ్ళు మొదట అడిగింది విరాళం కాదు. ఇలాంటి వీడియోలకు లైకు కొట్టనని, పంచుకోనని మాట ఇవ్వమన్నారు.

గాలిమర | 4.35

ఆ గిలిగింతల వీడియో నేను మా బంధువులందరికీ పంపాను. ఇద్దరు ముగ్గురు ఇంకా దాని బొమ్మ పెట్టుకుని తిరుగుతున్నారు. ఏమని చెప్పను ఇప్పుడు?

పాతకాగితం | 4.50

పైన నేను రాసింది పంపండి. కుక్కపిల్లను పాము నోట్లోంచి కాపాడే వీడియోలు కూడా వాళ్ళ దగ్గర ఉంటే అవీ తీసేయమనండి. పామునూ కుక్కపిల్లనూ తెచ్చి పెట్టేది ఆ కాపాడేవాళ్ళే. ఇలాంటి నాటకాలు తీసేస్తామని యూట్యూబ్ 2021లో ప్రకటించింది. ఇప్పటికీ నాకు వారానికి ఒకటైనా కనిపిస్తోంది.

నూలుకండె | రాత్రి 7.15

నా పేరు చూస్తే మీకు తెలిసే ఉంటుంది, నాకు అల్లిక పిచ్చి. ఇప్పుడు నా తెలివితక్కువతనం చెబుతాను, నవ్వుకోండి.

ఆస్ట్రేలియాలో ఫిలిప్ ఐలాండ్ అని ఉంది. మోకాలి ఎత్తు కూడా ఉండని చిన్న పెంగ్విన్లు అక్కడ ఉంటాయి. 2001లో ఆ తీరంలో చమురు ఒలికింది. చమురు అంటితే ఈకలు విడిపోయి చలి లోపలికి పోతుంది, అది ముక్కుతో శుభ్రం చేసుకోబోయి ఆ విషాన్ని మింగుతుంది. కడిగేదాకా ముక్కు తగలకుండా ఊలు స్వెట్టరు తొడిగితే బతుకుతుంది. మంచి ఆలోచనే. వలంటీర్లు అల్లి పంపారు.

2014లో ఆ కథ మళ్ళీ ఇంటర్నెట్‌లో గుప్పుమంది. నేను నాలుగు అల్లాను. ఒకదానికి మెడ దగ్గర చారలు కూడా వేశాను, పెంగ్విన్ అద్దంలో చూసుకుంటుందన్నట్టు. పోస్టులో పంపేసి, ఆ సంతోషంలో వాళ్ళ పేజీ మొదటిసారి పూర్తిగా చదివాను. మా దగ్గర సరిపడా ఉన్నాయి, ఇక పంపవద్దు అని రాసి ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి స్వెట్టర్లు గుట్టలుగా వచ్చి పడ్డాయి. మిగిలినవాటిని బొమ్మ పెంగ్విన్లకు తొడిగి అమ్మి ఆ డబ్బు వాడుకున్నారు. అంటే నా చారల స్వెట్టరు ఏ బొమ్మ ఒంటి మీదో ఉండి ఉంటుంది.

2015లో ఇదే కథ. కార్చిచ్చులో పాదాలు కాలిన కోలాలకు నూలు తొడుగులు కావాలన్నారు. కొద్దిరోజుల్లోనే ఇక చాలు బాబోయ్ అన్నారు. పోసినవాళ్ళకు పుణ్యం, సర్దుకునేవాళ్ళకు చాకిరీ.

ఇప్పుడు నిటెడ్ నాకర్స్ కోసం అల్లుతున్నాను. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనైన ఆడవాళ్ళు లోదుస్తుల్లో పెట్టుకునే మెత్తని నూలు రొమ్ములు ఇవి. దుకాణంలో దొరికే సిలికాన్ వాటికి బరువెక్కువ, చెమట పోస్తుంది. ఇవి తేలిక, ఉతుక్కోవచ్చు, ఊరికే ఇస్తారు. అయితే ఇష్టమొచ్చిన దారంతో అల్లితే తీసుకోరు. ఏ దారాలు వాడాలో జాబితా ఉంటుంది. మచ్చ ఉన్న ఒంటికి గరుకు తగలకూడదు. వెనకవైపు ముడి కూడా ఉండకూడదు. మా బృందంలో ఒక పెద్దావిడ నా మొదటి జత తీసుకుని తన మెడ కింద రాసి చూసుకుని, "విప్పేయమ్మా" అంది. నాలుగుసార్లు విప్పాను.

తెల్లకాకి | 8.40

రోజూ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా పాప ఇరవై తొమ్మిదో వారంలో పుట్టింది. నాకు పాలు పడలేదు. ఇంత చిన్న బిడ్డకు డబ్బా పాలకంటే తల్లిపాలు మేలని, పేగులు దెబ్బతినే ప్రమాదం తగ్గుతుందని డాక్టర్లు చెప్పి పాలబ్యాంకు నుంచి తెప్పించారు. సిరంజిలో రెండు మిల్లీలీటర్లు. ముక్కులోంచి వేసిన సన్నని గొట్టంలోకి నర్సు చుక్కచుక్కగా దించేది. ఎవరి పాలో చెప్పరు. సీసా మీద ఒక అంకె ఉంటుంది. 

మొదటి పాలబ్యాంకు 1909లో వియన్నాలో పెట్టారట. ఇచ్చే తల్లికి రక్తపరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, క్రిములు లేవని చూసి, గడ్డకట్టించి దాస్తారు. ఇంటర్నెట్‌లో తల్లులు నేరుగా ఒకరికొకరు పాలు ఇచ్చుకునే గ్రూపులు కూడా ఉన్నాయి. మనసు మంచిదే. కానీ పరీక్షలేమీ ఉండవు, నెలలు నిండని బిడ్డకు అది ప్రమాదం. పాలు ఎక్కువగా ఉన్న తల్లులు మీకు తెలిస్తే, ఊరికే పారబోస్తున్నామని బాధపడుతుంటే, పాలబ్యాంకు అనేది ఒకటి ఉందని చెప్పండి. పాలబ్యాంకు వాళ్ళు అడిగేది అంతే.

పాపకు ఇప్పుడు మూడేళ్ళు.

గాలిమర | 9.05

తెల్లకాకి గారూ, రాసినందుకు సంతోషం.

అందరికీ ఒక ప్రశ్న. ఇలాంటి పేజీ నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? సాయంత్రం గిలిగింతల దెబ్బ తగిలాక దేన్నీ నమ్మాలనిపించడం లేదు.

పాతకాగితం | 9.30

లెక్కలు తనిఖీ చేయడమే నా ఉద్యోగం కాబట్టి నా అలవాటు చెబుతాను. ముందు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చూస్తాను. వ్యక్తి పేరు ఉంటే అక్కడే ఆగిపోతాను. సంస్థ అయితే నమోదు సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య ప్రభుత్వ జాబితాలో అదే పేరుతో కనిపించాలి. నిరుటి లెక్కలు పేజీలో ఉండాలి. లెక్కల్లో జీతాలు చూసి గుండెలు బాదుకోకండి, పని చేసేవాళ్ళు గాలి పీల్చి బతకరు. ఫొటోను ఇంటర్నెట్‌లో వెనక్కి వెతికితే అదే బిడ్డ వేరే పేరుతో, వేరే జబ్బుతో కనిపించవచ్చు. "ఈ రాత్రి లోగా" అని గడువు పెడితే నేను మర్నాడు చూస్తాను.

కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్త. 2017లో అమెరికాలో ఒక జంట కథ తిరిగింది. నడిరోడ్డు మీద పెట్రోలు అయిపోతే ఇల్లులేని మనిషి తన చివరి 20 డాలర్లతో కొనిపెట్టాడని, అతనికి సాయం చేయమని. 4 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. చివరికి కథే కట్టుకథ, ముగ్గురూ కలిసి అల్లింది. ఇచ్చినవాళ్ళకు డబ్బు తిరిగి వచ్చింది, అది వాళ్ళ అదృష్టం.

ఎర్రచీమ | 9.48

ఇంత తనిఖీ ఎవరు చేస్తారు? ఐస్ బకెట్ ఛాలెంజ్ అంటూ నెత్తి మీద చల్లనీళ్ళు కుమ్మరించుకుని వీడియో పెట్టారే, వాళ్ళలో ఎంతమందికి ఆ జబ్బు పేరు తెలుసు?

పాతకాగితం | 10.02

చాలామందికి తెలిసి ఉండదు. ఒప్పుకుంటాను. కానీ 2014 ఎండాకాలంలో ఆ జబ్బు, అంటే నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్, కోసం పనిచేసే అమెరికా సంఘం ఒక్కదానికే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో సాగిన పరిశోధనలో 2016లో నెక్1 అనే జన్యువుకూ ఆ జబ్బుకూ సంబంధం బయటపడింది. మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మరుసటి ఏడాది మళ్ళీ నీళ్ళు పోసుకోమంటే ఎందరు ముందుకొచ్చారు? అందులో చిన్న వంతు కూడా రాలేదు. రోగులు మాత్రం అలాగే ఉన్నారు.

నూలుకండె | 10.10

ఎర్రచీమ గారూ, పొద్దుటి నుంచి అందరినీ కుట్టుకుంటూ వస్తున్నారు. ఎగతాళికి అడగడం లేదు. మీరు నమ్మి చేసిన పని ఒక్కటైనా లేదా?

ఎర్రచీమ | సోమవారం, రాత్రి 11.55

ఉంది. చెప్పాలా వద్దా అని రోజంతా ఆలోచించాను.

తొమ్మిదేళ్ళ క్రితం రక్త క్యాన్సర్ ఉన్న ఒక పిల్లవాడి ఫొటో వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిరిగింది. రక్తాన్ని పుట్టించే మూలకణాలు సరిపోయే దాత కావాలి. తోబుట్టువు అయితే సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు, వాడికి తోబుట్టువులు లేరు. మా ఆఫీసులో శిబిరం పెట్టారు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఇచ్చాను, కాగితం మీద సంతకం పెట్టాను, చొక్కాకు వాళ్ళిచ్చిన బిళ్ళ పెట్టుకుని ఫొటో దిగాను. ఆ ఫొటోకు నాకు వచ్చినన్ని లైకులు నా పెళ్ళి ఫొటోకు కూడా రాలేదు. నాది వాడికి సరిపోలేదు. మరిచిపోయాను.

నాలుగేళ్ళ తర్వాత ఫోను వచ్చింది. వేరే ఎవరికో ప్రాథమికంగా సరిపోయింది, ఖాయం చేసుకోవడానికి రక్తపరీక్షకు రావాలన్నారు. ఎవరికి అంటే చెప్పకూడదట. ఫొటో లేదు, పేరు లేదు. ఐదు రోజులు ఇంజెక్షన్లు, ఒళ్ళు నొప్పులు ఉంటాయి, తర్వాత ఒక రోజు నాలుగైదు గంటలు చేతిలోంచి రక్తం తీసి, మూలకణాలు వేరుచేసుకుని మిగతాది ఎక్కిస్తాం అని ఫోను చేసినామె ఓపికగా చెప్పింది. ఆలోచించుకుని చెబుతానన్నాను. తర్వాత ఆ నంబరు నుంచి మూడుసార్లు మోగింది. తీయలేదు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంకా ముందుకెళ్ళాక, రోగి మూలుగను మందులతో చంపేశాక దాత వెనక్కి తగ్గితే ఆ రోగి బతకడు. నేను అంతదాకా వెళ్ళకుండానే ఆగిపోయాను. కానీ నా జవాబు కోసం వాళ్ళు ఎన్ని రోజులు పోగొట్టుకున్నారో తెలియదు.

అందుకే ఇలాంటి పోస్టులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీ మీద కాదు.

తెల్లకాకి | మంగళవారం, ఉదయం 6.20

మీరు ఇంకా ఆ దాతల జాబితాలో ఉన్నారా?

ఎర్రచీమ | 6.45

తెలియదు. ఉండవచ్చు.

నూలుకండె | 7.30

అయితే వాళ్ళకు ఒక్కసారి ఫోను చేయండి. ఇవ్వలేను, తీసేయండి అని చెప్పినా అది సాయమే. ఇంకొకరికి సరిపోయి వెతుక్కుంటూ మీ దాకా వచ్చి సమయం పోగొట్టుకోరు. నేను పెంగ్విన్లకు నాలుగు స్వెట్టర్లు పంపినదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది.

వెన్నెలపిట్ట | 8.15

తీసేయమన్నా మేము ఏమీ అనుకోము.

ఎర్రచీమ | బుధవారం, మధ్యాహ్నం 1.05

ఫోను చేశాను. వాళ్ళ దగ్గర నా పాత చిరునామా, పాత నంబరు ఉన్నాయి. రెండూ మార్పించాను. వయసు అడిగారు, ఇంకా కొన్నేళ్ళు ఉందన్నారు. తీసేయమని చెప్పలేదు.